తపాలా ముద్ర లేని జవాబులు

మూడు జవాబు కట్టలూ శనివారం మధ్యాహ్నం ఒకేసారి వెనక్కి వచ్చాయి. పోస్ట్‌మన్ సంతకం పెట్టించుకుని వెళ్లేసరికి, కాజీపేట స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేసే ఖాజా పాషా అప్పుడే డ్యూటీ దిగివచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. కూతురు బేగం బీ కట్టలతో వచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని రెండుసార్లు చదివింది. ఆమె ముఖంలో ఏ మార్పూ లేకపోవడం చూసి ఆయనకు భయం వేసింది.

"ఏమంటున్నరు బిడ్డా?"

"మన కట్టల మీద పోస్టు ముద్ర లేదంట అబ్బా. ముద్ర మీది తారీఖే లెక్కంట. నాలుగు జవాబులకు పదహారో తారీఖు దాటకుంట ముద్ర పడాలె. లేకుంటె ఈ యేడు పరీక్ష రాయనియ్యరు."

పదహారు అంటే మర్నాడే. ఆదివారం.

బేగం బీ పగలంతా చిన్న స్కూల్లో పిల్లలకు చదువు చెబుతుంది. కాలేజీకి పోయే వీలు లేదు. పోస్టులో పాఠాలు పంపి డిగ్రీ చదివించే విశ్వవిద్యాలయం తమిళనాడులో ఉందని పేపర్లో చూసి, దరఖాస్తు తెప్పించి నింపినవాడు ఆమె అన్న వలీ. ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేసేవాడు. పోయిన వానాకాలం, ఎనిమిది రోజుల జ్వరంలో పోయాడు. ఇంట్లో ఆ సంగతి ఎక్కువగా మాట్లాడుకోరు.

ఆ తరువాత వలీ దోస్తులు పాఠాలకు ఆమె రాసే జవాబులు చేర్చే బాధ్యత తీసుకున్నారు. రైల్వేవాళ్లు బియ్యమైనా, మందులైనా, కబురైనా గార్డు చేతికిచ్చి పంపుతారు. పోస్టు వాళ్లకు పరాయి ఇల్లు. గార్డు గట్టయ్య కట్టను బెజవాడ దాకా తీసుకుపోయి అక్కడి గార్డుకిస్తే, ఆయన మద్రాసు చేర్చేవాడు. అక్కడ ఒక పార్శిలు గుమస్తా విశ్వవిద్యాలయం గుమ్మం దాకా నడిచిపోయి ఇచ్చేవాడు. పోస్టులో ఐదు రోజులు పట్టేది వీళ్ల చేతుల్లో రెండో రోజుకే చేరేది. అదే తప్పవుతుందని ఒక్కరికీ తోచలేదు.

సాయంత్రం గట్టయ్య వచ్చి, సంగతి విని, మంచం పట్టె మీద కూలబడ్డాడు.

"నా చేతులతోని నేనే చెడగొట్టిన గదా పాషా భాయ్."

"నీదేం తప్పు మామా," అంది బేగం బీ. "పైసా తీసుకోకుంట మోసినవు."

గట్టయ్య గొంతు తగ్గించాడు. "ఫికర్ చెయ్యకు. పోస్టాఫీసుల నాకు తెలిసినాయన ఉన్నడు. సోమవారం పోయి ఆదివారం తారీఖుతోని ముద్ర కొట్టిస్త. ఎవనికి తెలుస్తది?"

ఖాజా పాషా మనసు ఆ మాటకు ఎగిరి గంతేసింది. కూతురు ఒప్పుకుంటే బాగుండునని ఆమె వంక చూశాడు.

"నాకు తెలుస్తది," అంది ఆమె. "ఎల్లుండి పొద్దుగాల స్కూల్ల పిల్లగాండ్లకు దొంగ లెక్కలు చెయ్యొద్దని ఏ మొఖంతోని చెప్పాలె?"

"మరెట్ల? రేపు పోస్టాఫీసు తాళమే తియ్యరు."

"నీ బండికి తపాలావాళ్లు కూసోని పనిచేసే పెట్టె ఉండదా మామా? దాని పక్కకు ఉత్తరాలు ఏసే సందు ఉంటది. ఎక్కువ స్టాంపులు అంటిస్తె లోపల ఉన్నోళ్లు అప్పటికప్పుడు ముద్ర ఏస్తరని స్కూల్ల పెద్ద సారు చెప్పిండు."

గట్టయ్య నెత్తి గోక్కున్నాడు. "ఇరవై యేండ్ల సంది ఆ పెట్టెను గుంజుకపోతాన. దాంట్ల ఒక్క కార్డన్న ఎయ్యలే."

ఆదివారం పొద్దున బేగం బీ నాలుగో జవాబు పూర్తి చేసి, నాలుగింటినీ వేర్వేరు కవర్లలో పెట్టింది. తల్లి బడేబీ నాలుగు కవర్లనూ కలిపి, పార్శిలు పంపినట్టే, తెల్లగుడ్డలో పెట్టి దగ్గర దగ్గరగా కుట్టింది. ఆ కుట్టును చూసి ఎవరూ ఏమీ అనుకోలేదు.

మద్రాసు వైపు పోయే మెయిలు మధ్యాహ్నం వచ్చి ఆగింది. తపాలా పెట్టె సందులో కట్ట పట్టలేదు. బేగం బీ కటకటాల్లోంచి లోపలి ఉద్యోగికి చూపించింది.

"చేతికిస్తె తీసుకోనమ్మా," అన్నాడాయన. "సందుల పడ్డదానికే ముద్ర."

ఖాజా పాషా ముందుకొచ్చి చేతులు జోడించబోయాడు. ఆమె తండ్రి చేయి పట్టి కిందికి దించింది. ప్లాట్‌ఫారం మీద కూర్చుని, తల్లి వేసిన కుట్టును పళ్లతో తెంపింది. నాలుగు కవర్లూ బయటికి తీసి, ఒక్కొక్క దానిమీద స్టాంపులు తడిపి అంటించడం మొదలుపెట్టింది. చుట్టూ జనం మూగారు. టీ అమ్మే నర్సయ్య, "ఏందే పాషా, మీ బిడ్డ బండి పక్కకు దుకాణం పెట్టింది?" అన్నాడు.

చివరి డబ్బా దగ్గరి నుంచి గట్టయ్య పచ్చజెండా పట్టుకుని పరుగున వచ్చాడు. "టైం అయింది బిడ్డా. జర ఒక్క నిమిషం ఆపుతా. ఏదో సాకు చెప్పుకుంట."

"నా కోసం ఆపకు. నీ టైంకు నువ్వు జెండా ఊపు మామా."

మూడు కవర్లు సందులో పడ్డాయి. నాలుగోదాని మీద ఆఖరి స్టాంపు వంకరగా అంటుకుంది. గట్టయ్య ఆమెనూ, గడియారాన్నీ చూసి, వెనక్కి నడిచి, సరిగ్గా టైముకే జెండా ఎత్తాడు. ఇంజన్ కూత పెట్టే లోపల నాలుగో కవరు కూడా పడింది. లోపల ముద్ర కొట్టిన చప్పుడు వరసగా నాలుగుసార్లు వినిపించింది. బండి కదులుతుండగా ఆ ఉద్యోగి ఏమనుకున్నాడో, ఒక కవరు కటకటాల దగ్గర పట్టి చూపించాడు. పదహారు. నల్లటి సిరాతో, స్పష్టంగా.

ఖాజా పాషాకు కూతురితో ఏదైనా మంచి మాట అనాలనిపించింది. కింద పడిన తెల్లగుడ్డను దులిపి, మడిచి భుజాన వేసుకున్నాడు.

ఏప్రిల్లో హాల్ టికెట్ పోస్టులోనే వచ్చింది. పరీక్షలు మద్రాసులో, ఎనిమిది రోజులు. ఖాజా పాషా సెలవు కోసం స్టేషన్ గుమస్తా దగ్గరికి పోయాడు. దరఖాస్తులు రాసిపెట్టేది ఆయనే. కారణం దగ్గర ఎప్పటిలాగే 'సొంత పని' అని రాశాడు.

"అది కొట్టెయ్యి. బిడ్డ బి.ఏ. పరీక్ష అని రాయి."

"ఏదన్న ఒకటే గదనే. సెలవు సెలవే."

"ఒకటి కాదు. రాయి."

గుమస్తా కొట్టేసి రాశాడు. ఖాజా పాషా ఆ వాక్యాన్ని ఒకసారి పైకి చదివించుకుని విన్నాడు. తరువాత కలం తీసుకుని, ఎప్పుడూ పెట్టే పొట్టి సంతకం కాకుండా, కింద ఉర్దూలో తన పేరు పూర్తిగా రాశాడు.