వదులు తాడు

మామగారి నడుం పట్టేసినప్పటి నుంచి గుర్రపుశాల పని కోడలినైన నా మీద పడింది. ఎర్ర ఆడగుర్రం వారంలోగా తాడు వెంట నడవకపోతే అమ్మేస్తానని యజమాని చెప్పి అప్పటికి ఆరు రోజులైంది.

ఆ రోజూ గంట నుంచి లాగుతున్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి. అది మాత్రం కాళ్లు నేలలో పాతేసినట్టు నిలబడింది.

"నడువమ్మా తల్లీ, నీకు దండం పెడతాను," అన్నాను.

"దండం తర్వాత, ముందు తాడు వదులు," అన్నారు స్టూలు మీద కూర్చున్న మామగారు. "ఇందాక అరడుగు వేసింది, అయినా లాగావు. వేసినా లాగుడే, వేయకపోయినా లాగుడే అయితే అదెందుకు కదులుతుంది?"

"ఇంట్లో నాతో మీరంతా చేసేదీ అదేగా మామయ్యగారూ!" అలసటలో నోరు జారింది.

నేను తాడు మెల్లగా బిగించి, గిట్ట లేవగానే వదిలేశాను. గుర్రం తల దించి, నిట్టూర్చింది. మళ్లీ బిగిస్తే రెండడుగులు వేసింది. గేటు దాకా వెళ్లేసరికి తాడు మా మధ్య వదులుగా వేలాడుతోంది.

తిరిగొచ్చేసరికి మామగారు గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు.

"రేపు యజమానికి చూపిద్దాం. దాణా నేను కలుపుతాను, నువ్వు కూర్చో," అంటూ స్టూలు నా వైపు జరిపారు.