ఆడిగాలిలో ఒంటి తెప్ప

నలభై ఏళ్ళొచ్చేదాకా సూసై తెరచాప తాడు చేత పట్టి ఎరగడు. తెప్ప ముందు కొసన మోకాళ్ళ మీద కూర్చుని తెడ్డు వెయ్యడం, వల లాగడం, అంతే అతని పని. వెనక తెడ్డూ, తెరచాపా అన్న అరుళప్పన్‌వి. ఇరవై మూడేళ్ళుగా అన్నదమ్ములిద్దరూ ఆ వరసలోనే మరియన్‌తురై రేవు కెరటాలు దాటి వెళ్ళారు, తిరిగొచ్చారు. అలాంటిది ఆ ఏడు తమిళుల ఆషాఢమైన ఆడి నెల మొదట్లో, పడమటి గాలి చెవులు చిల్లులు పడేట్టు వీస్తున్న పూట, అరుళప్పన్ ఉన్నట్టుండి అన్నాడు:

"నా నడుం పని చెయ్యట్లేదురా. రేపట్నుంచి చిన్న తెప్ప మీద నువ్వొక్కడివే పో."

"ఈ గాలిలోనా? కాస్త తగ్గనీ, నేర్చుకుంటాను."

"గాలి లేనప్పుడు తెరచాప పట్టడం మీ వదినకీ వచ్చు."

చిన్న తెప్ప అంటే మూడు దుంగలు, వాటిని కట్టిన తాళ్ళు, ఒక తెరచాప. మనిషి ఎటు ఒరిగితే అదీ అటే ఒరుగుతుంది. మొదటి రోజు సూసై నాలుగుసార్లు నీళ్ళలో పడ్డాడు. రెండో రోజుకి అరచేతులు చర్మం లేచిపోయి, తాడు పట్టుకోలేక దాన్ని దుంగకి ముడేశాడు. గాలి ఒక్క విసురు విసిరింది. తెప్ప బోర్లాపడింది. తడిసిన తెరచాప కింద, కాలికి తాడు మెలేసుకుని, ఉప్పునీళ్ళు మింగుతూ అతను ఎంతసేపు కొట్టుకున్నాడో అతనికే తెలీదు.

ఒడ్డుకు చేరేసరికి పక్కింటి మిక్కేల్ వల బాగుచేసుకుంటూ నవ్వాడు. "సూసై అన్నా, నువ్వు తెప్పకి ఈత నేర్పుతున్నావా, అది నీకు నేర్పుతోందా?" అంటూనే వల పక్కనపెట్టి లేచి, తెప్పని ఇసక మీదికి లాగడానికి భుజం పట్టాడు. మిక్కేల్ అలాంటివాడు. వెక్కిరింపూ అతనిదే, సాయమూ అతనిదే.

"తాడు ముడేశావు కదూ?" అన్నాడు అరుళప్పన్ ఇసకలో కూర్చునే. "చేతిలో ఉండాలిరా అది. నీళ్ళ మీద నల్లగా మచ్చ పరిగెత్తుకొస్తుందే, అదే గాలి. అది నిన్ను తాకకముందే తాడు వదులు. దాటిపోయాక లాగు. గాలి వచ్చేవైపు దుంగ మీద కూర్చో. బరువంతా అటే వెయ్యి."

వారం తిరిగేసరికి అది సూసై ఒంటికి పట్టింది. నల్లమచ్చ కనబడగానే చెయ్యి తనంతట తనే వదులయ్యేది. తొమ్మిదో రోజున మొదటిసారి పడకుండా వెళ్ళి, పడకుండా వచ్చాడు. తెప్పని ఒడ్డుకు లాగి, అన్న మెచ్చుకుంటాడేమోనని దగ్గరకి నడిచాడు. అరుళప్పన్ సముద్రంవైపు తిరిగి, గొంతు చించుకుని అరుస్తున్నాడు. "వదలరా సూసై, తాడు వదులు."

సూసై అతనికి పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు.

అన్న కళ్ళలో పాలు విరిగినట్టున్న తెలుపుని అప్పుడు చూశాడు. నడుం సంగతి అబద్ధమని అర్థమైంది. అయినా ఎవరికీ చెప్పలేదు. ఆడి నెలలో ఒడ్డు మీద నిలబడి, కెరటాలు లెక్కపెట్టి, వచ్చే తెప్పలకి తువ్వాలు ఊపి దారిచ్చేవాడు అరుళప్పనే. మూడు పెద్ద కెరటాలు విరిగాక కాసేపు నీళ్ళు నెమ్మదిస్తాయి. తువ్వాలు ఊగితే రావాలి, ఊగకపోతే ఆగాలి. ఊరంతా ఆ తువ్వాలుని నమ్మింది. కళ్ళు పోయాయని తెలిస్తే ఆ పనీ పోతుంది. ఆ పని పోతే అన్నలో ఏం మిగులుతుంది? నడుం అన్నాడుగా, నడుమే అనుకుందాం అనుకున్నాడు సూసై. ఆ తర్వాత పది రోజులు తెప్పలన్నీ క్షేమంగానే వచ్చాయి.

పదకొండో రోజు మధ్యాహ్నం గాలి ముదిరింది. సూసై తెరచాప సగం చుట్టి, కెరటాల అవతల ఆగాడు. ఎడమపక్క మిక్కేల్ తెప్ప ఉంది. ముందు తెడ్డు దగ్గర అతని బావమరిది. ఒక పెద్ద కెరటం విరిగింది. రెండోది విరిగింది. ఒడ్డున తువ్వాలు ఊగింది.

సూసై వెనక్కి తిరిగి చూశాడు. మూడోది ఇంకా లేస్తోంది.

"మిక్కేల్, ఆగు. ఆగరా."

గాలి ఆ మాటని ఎటో ఎత్తుకుపోయింది. మిక్కేల్ తువ్వాలునే చూస్తూ తెడ్డు వేశాడు. కెరటం తెప్పని వెనకనుంచి లేపి, నిలువునా నిలబెట్టి, వాళ్ళ మీదికే తిరగేసింది. బావమరిది తేలాడు. మిక్కేల్ తేలలేదు.

సూసై ఆ కెరటాన్ని పోనిచ్చి, తెరచాప విప్పి, ఒక్క ఊపులో ఒడ్డెక్కాడు. అంత సాఫీగా ఎప్పుడూ రాలేదు. అది చూసినవాళ్ళెవరూ లేరు. అందరూ నీళ్ళలోకి పరిగెడుతున్నారు. దుంగ తగిలి తల పగిలి ప్రాణం పోయిన మిక్కేల్‌ని మోసుకొచ్చి పడుకోబెట్టారు.

అరుళప్పన్ మాత్రం ఉన్నచోటే తువ్వాలు పట్టుకుని తిరుగుతున్నాడు. "ఎవర్రా పడింది? సూసైయేనా? ఎవరూ చెప్పరేంట్రా?"

"నేనిక్కడే ఉన్నానన్నా."

"మరెవరు?"

"మిక్కేల్."

అరుళప్పన్ ఇసకలో కూలబడ్డాడు. "రెండే వినబడ్డాయిరా," అన్నాడు. "గాలి హోరులో మూడోది కూడా విరిగిందేమో, నాకే వినబడలేదేమో అనుకున్నా."

మర్నాడు మిక్కేల్‌ని చర్చి వెనక సమాధి చేశారు. ఫాదర్ సముద్రం తీసుకుపోయిందన్నారు, ఊరు గాలి తీసుకుపోయిందంది. మిక్కేల్ భార్య పిలోమి మాత్రం ఏడుపు ఆపి సూసైని అడిగింది.

"తువ్వాలు ఊగింది కదన్నా. నువ్వెందుకు ఆగావు?"

అబద్ధం చెప్పడానికి దారి ఉంది. కెరటం కనబడిందమ్మా అంటే చాలు, అదీ నిజమే. సూసై నోరు తెరిచాడు గానీ ఆ మాట రాలేదు.

"అన్నకి కళ్ళు కనబడవమ్మా. నాకు తెలుసు. పది రోజులుగా తెలుసు."

"పది రోజులు," అంది పిలోమి. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. అరుళప్పన్ మళ్ళీ ఇల్లు దాటి రాలేదు. వదిన కర్రపెండలం ఉడికించి పెడితే తినేవాడు, లేకపోతే అడిగేవాడు కాదు. తెప్ప తొయ్యడానికి సూసైకి ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఒక్కడే తోసుకుని, ఒక్కడే కెరటాలు లెక్కపెట్టుకుని వెళ్ళొచ్చేవాడు.

ఆడి నెల ఇంకా వారం ఉంది. కెరటాల అవతలికి పోయాక, తెరచాప నిండి, తెప్ప నీళ్ళని చీల్చుకుంటూ పరిగెడుతుంటే, సూసై ఒంట్లో ఎక్కడో సంతోషం లాంటిది కదిలేది. అది కదిలిన ప్రతిసారీ అతను తాడు వదిలేసేవాడు. గాలి జారిపోయి తెరచాప టపటపా కొట్టుకుంటుంటే, తెప్ప ఎటు కొట్టుకుపోతోందో చూడకుండా తల వంచుకుని కూర్చునేవాడు.