ఆరో కంప్యూటర్లో 'వచ్చాను'

...వదినే అయి ఉండాలి, ఇంకెవరు? ఫైర్‌వాల్ పాస్‌వర్డ్ తెలిసింది డాక్టరమ్మకీ వదినకీ. డాక్టరమ్మ వారంగా ఊళ్లో లేదు. తనకీ తెలుసు కానీ, కంప్యూటర్ల కాపలావాణ్ని ఎవరైనా లెక్కలోకి తీసుకుంటారా?

కంటి ఆసుపత్రికి ఆదివారం సెలవు. ఆరు కంప్యూటర్లకీ ఇంటర్నెట్ తీసేసి, కాపలా ఎంత గట్టిదో చూద్దామని తను రాసిన ఉత్తుత్తి వార్మ్‌ని, అంటే కంప్యూటర్ పురుగుని, మధ్యాహ్నం రిసెప్షన్ కంప్యూటర్లో వదిలాడతను. దానికి కోరల్లేవు. దారి దొరికిన ప్రతి కంప్యూటర్లోకీ పాకి, 'వచ్చాను' అని ఒక్క ఫైలు పెట్టి ఊరుకుంటుంది. రోగుల రికార్డులున్న ఆరోదాని ముందు అడ్డుగోడలా ఫైర్‌వాల్ ఉంది. అక్కడ ఆగాలి. ఆగలేదు.

ఎవరో లోపలినుంచి దారి తెరిచారు.

రిసెప్షన్లో పనిచేసే వదిన తాళంచెవులు ఒళ్లో పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుంది. ఇంకెంతసేపని ఇప్పటికి రెండుసార్లు అడిగింది. అతను అటు చూడగానే ఫోను బోర్లించింది.

"ఈ వారంలో ఆరోదాన్ని ముట్టుకున్నారా వదినా?"

"దుమ్ము తుడిచాను. గుడ్డతో కూడా పాకుతాయేంటి నీ పురుగులు?" అని నవ్వింది. "దొంగని చూసినట్టు చూడకు మరిదీ. పచ్చకామెర్ల కళ్లు నాకు కొత్త కాదు."

నవ్వెందుకు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాళ్లు కొందరు, నవ్వేసేవాళ్లు కొందరు.

రిపోర్టులో 'కారణం' అన్నచోట రాసేశాడు: రిసెప్షన్ ఉద్యోగి నిర్లక్ష్యం. కిందటి నెల పాస్‌వర్డ్ కాగితం బల్లకి అంటించినందుకు, ఇంకో తప్పు దొరికితే మానేయాల్సిందేనని డాక్టరమ్మ వదినతో అంది. ఆ మాట గుర్తొచ్చి వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. తనకి ఈ పని ఇప్పించింది వదినే. అయితే మాత్రం? నిజం నిజమే.

ఇక మిగిలింది తేదీ. దానికోసమే, ఎవరెప్పుడు దారి తెరిచారో నమోదయ్యే ఫైర్‌వాల్ లాగ్ తెరిచాడు.

శుక్రవారం, నాలుగూ పది. దారి తెరిచిన ఖాతా: అతనిదే.

పాత రికార్డులు కాపీ చేయడానికి పది నిమిషాలకని తెరిచాడు. ఇంతలో టీ తాగుదువు రమ్మని పిలిస్తే లేచి వెళ్లాడు. మూయలేదు. పిలిచింది వదినే కదా అని మనసు అక్కడా ఓ సందు వెతికింది. అది చూసి అతనికే సిగ్గేసింది.

లాగ్ చదవడం ఇక్కడ ఇంకెవరికీ రాదు. రిపోర్టు ఇలాగే పంపితే వదిన ఉద్యోగం పోతుంది. మారిస్తే, కాపలాకి పెట్టినవాడే తలుపు తీసి వెళ్లాడని తెలిసి డాక్టరమ్మ తననే పంపేస్తుంది. మార్చకపోతే మాత్రం ఇంట్లో వదిన ఎప్పటిలాగే వేళాకోళమాడుతుంది, ఏమీ తెలియక.

"అయిందా?" మూడోసారి అడిగింది వదిన. "మా చెల్లెలు బస్టాండులో నా కోసం గంటనుంచి కూర్చుందయ్యా."

అతను ఆ వాక్యం కొట్టేసి, 'దారి నేనే తెరిచాను, మూయడం మరిచాను' అని రాశాడు. పంపే మీట మీద వేలు పెట్టి, వదిన చూస్తుండగానే నొక్కాడు.