చిల్లులు తీశారా?

సింకు కింద బకెట్టు రోజుకు మూడుసార్లు నిండుతుంది. పాప లేవకముందు ఒకసారి, మధ్యాహ్నం అంట్లు తోమాక ఒకసారి, పొద్దుగూకే వేళకి మరోసారి. గొట్టం అతుకు దగ్గర చుక్క చుక్కగా కారుతూనే ఉంటుంది. ఆ సంగతి ఆమె భర్తకి మూడుసార్లు చెప్పింది. మొదటిసారి "చూద్దాం" అన్నాడు. రెండోసారి "ప్లంబర్ని పిలుస్తాలే" అన్నాడు. మూడోసారి స్వయంగా వంటింట్లోకి వచ్చి, నేల పొడిగా ఉండటం చూసి, "ఆగిపోయిందిగా, ఇంకేంటి నీ గోల?" అన్నాడు. నేల పొడిగా ఎందుకుందో అతనికి తట్టలేదు. అప్పుడే పారబోసి తెచ్చిన బకెట్టు ఆమె చేతిలోనే ఉంది.

ఆమెకు ఇరవై రెండేళ్లు. ఇంటర్ రెండో ఏడు పరీక్షలకు ఇంకా నెల ఉందనగా పెళ్లి కుదిరింది. "చదువెక్కడికి పోతుంది, తర్వాతైనా రాసుకోవచ్చు" అన్నారంతా. చదువెక్కడికి పోయిందో తెలియదు గాని, ఆమె మాత్రం ఈ మూడు గదులు దాటి ఎక్కడికీ పోలేదు. పాపకి ఎనిమిదో నెల. పాప నిద్రపోతే చాలు, ఆమెకు గుండెల్లో రాయి పడుతుంది. ముక్కు కింద వేలు పెట్టి, వెచ్చటి గాలి తగిలితేనే ఊపిరి పీల్చుకుంటుంది. మళ్లీ కాసేపటికి అదే పని. "మేం కనలేదా పిల్లల్ని? గంటకోసారి ఇలా ముక్కులు తడిమామా? విడ్డూరం కాకపోతే!" అంటుంది అత్తగారు.

ఆ భయాన్ని మరిచిపోవడానికే ఫోనులో ఆ ఆట మొదలుపెట్టింది. సముద్రపు దొంగల ఆట. ఒక్కో ఓడకి ఎనిమిదిమంది, ఎవరెక్కడి వాళ్లో ఎవరికీ తెలియదు. ఒకడు చుక్కాని పడతాడు, కొందరు ఫిరంగులు పేలుస్తారు, కొందరు పక్క ఓడ మీదికి దూకి కొల్లగొడతారు. ఆమె ఓడ వడ్రంగి. అడుగున చీకటి గదిలో ఉండి, గుండు తగిలిన చోట చెక్క బిగించి, వచ్చిన నీళ్లు తోడి పోయాలి. పెట్టుకున్న పేరు వడ్రంగిపిట్ట. పాప ఏడుపు వాళ్లకి వినిపిస్తుందని మైకు ఎప్పుడూ ఆపేసే ఉంచేది. ఏం చెప్పాలన్నా టైపు చేసేది. అందుకని వాళ్లందరికీ ఆమె తమ్ముడే.

ఆమె అంత బాగా ఆడుతుందని ఆమే అనుకోలేదు. ఇంట్లో అందరూ ఎగతాళి చేసే ఆ భయమే ఓడలో విద్య అయింది. నీళ్లు ఇంకా కనపడకముందే, ఎక్కడో సన్నగా చప్పుడైతే చాలు, ఆమె అక్కడుండేది. రేవు చేరాక తెర మీద ఒక పలక వచ్చేది, ఎవరేం చేశారో పేరుపేరునా. "వడ్రంగిపిట్ట: పదిహేను చిల్లులు పూడ్చారు. ఓడను నిలబెట్టారు." నిలబెట్టారట! ఇంట్లో ఆమె చేసిన పనికి ఒక్కరైనా అలా అన్నది లేదు. ఒకరోజు ఆ పలకని ఫొటో తీసి దాచుకుంది. ఎవరైనా చూస్తే నవ్వుతారని సాయంత్రానికి తీసేసింది.

పోయిన వారం కంపెనీ ఆటని మార్చింది. రేవు చేరాక వచ్చిన పలక మీద ఏడు పేర్లే ఉన్నాయి. తన పేరు కింద దాక్కుందేమోనని తెర జరిపి చూసింది. ఫోను ఆపి మళ్లీ వేసింది. లేదు. కంపెనీ పెట్టిన ప్రకటన వెతికి చదివింది: "చెక్కలు బిగించడం, నీళ్లు తోడడం అసలు సాహసాలు కావు. ఆట జోరు పెంచడానికి వాటిని పలక మీది నుంచి తొలగించాం."

ఆటగాళ్లంతా ఫిర్యాదులు రాసి కంపెనీని తిట్టుకునే చోటు నెట్‌లో ఒకటుంది. అక్కడికి వెళ్లింది. అప్పటికే ఊరంతా పడి ఏడుస్తున్నట్టుంది. ఫిరంగి మళ్లీ నింపడానికి రెప్పపాటు ఎక్కువ పడుతోందని ఒకడు పేజీలకు పేజీలు రాశాడు. జెండాలో ఎరుపు వెలిసిపోయిందని ఇంకొకడు కంపెనీ ఏడుతరాల్నీ కడిగేశాడు. వాడి వెనక నాలుగొందల మంది. వడ్రంగుల గురించి ఒక్క ముక్క లేదు.

తప్పులు దొర్లుతాయేమోనన్న బెరుకుతో, పాప మూడు మధ్యాహ్నాలు నిద్రపోయినంత సేపూ కూర్చుని ఆమె రాసింది. "లెక్కలోంచి మా పని తీశారు, సరే. చిల్లులు తీశారా? నీళ్లు ఇదివరకటి లాగే వస్తున్నాయి. ఎవరో ఒకరు తోడుతుంటేనే కదా పైన మీ సాహసాలు!"

ఒక నవ్వు బొమ్మ వచ్చింది. "ఇది దొంగల ఆట బాబూ, అంట్లు తోమే ఆట కాదు" అని ఒకడు. ఆఖరికి ఆమె ఓడ కెప్టెన్ కూడా వచ్చాడు. టైర్ల షాపు నడుపుతానని ఆటలో ఓసారి చెప్పాడు, మంచివాడే. "పిట్టా, ఏమనుకోకు తమ్ముడూ. ఓడన్నాక తేలుతుంది. మునగకపోవడం కూడా గొప్పేనా?"

ఈ మాట ఎక్కడో విన్నది. కిందటి నెల ఆడపడుచు వచ్చి "ఇల్లు అద్దంలా ఉంచుకున్నావే" అంటే, భర్త టీవీ మీంచి కళ్లు తిప్పకుండా అన్నాడు: "ఇల్లన్నాక ఇల్లులా ఉంటుంది. అది కూడా గొప్పేనా?" ఆ టైర్లాయన ఈయన్ని ఎన్నడూ చూసి ఉండడు. ఇద్దరికీ ఈ ఒక్క పాఠం ఏ బడిలో చెప్పారో! తను పూర్తి చెయ్యకుండా వదిలేసిన రెండో ఏడులో ఉందేమో అనుకుంది, మంటగా.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే అలవాటుగా సింకు కింద వంగి బకెట్టు పిడి పట్టుకుంది. అంచు దాకా నిండి ఉంది. ఒక్క క్షణం అలాగే ఉండి, పిడి వదిలేసి లేచింది. మధ్యాహ్నం అంట్లు తోమేటప్పుడు పాదాలకు తడి తగిలింది. అయినా వంగలేదు.

పాప భుజం మీద నిద్రపోయాక, ముక్కు కింద వేలు పెట్టి చూసుకుని, ఫోను తెరిచింది. ఓడ రెండు ఓడల మధ్య చిక్కింది. పైన కేకలు, కేరింతలు. అడుగు గదిలో మొదటి చిల్లు పడింది. చెయ్యి దానంతట అదే చెక్క మీదికి పోబోతే వెనక్కి లాక్కుంది. రెండో చిల్లు. మూడోది.

"పిట్టా! నీళ్లొస్తున్నాయి! ఏం చేస్తున్నావ్?"

"ఏమీ చెయ్యట్లేదు" అని టైపు చేసింది.

"మునిగిపోతాం రా బాబూ!"

"అవును."

మునిగిపోయారు. తెర మీద పలక వచ్చింది. దాని మీద ఎవరి పేరూ లేదు. ఆటలో మొదటిసారి ఎనిమిదిమందీ సమానమయ్యారు. తర్వాత కెప్టెన్ మెల్లగా అడిగాడు: "పిట్టా, రోజుకి ఎన్ని పూడుస్తావు నువ్వు?"

ఆమె జవాబు రాసేలోగా వంటింట్లోంచి కేక వినిపించింది. మంచినీళ్ల కోసం వెళ్లిన భర్త గుమ్మం దగ్గర ఒంటికాలి మీద నిలబడి, తడిసిన పంట్లాం అంచు పైకి పట్టుకుని ఉన్నాడు.

"ఏమే! ఏంటీ నీళ్లు? ఎప్పట్నుంచి కారుతోంది?"

"ఆర్నెల్ల నుంచండీ."

"ఆర్నెల్లా? మరి ఇన్నాళ్లూ ఒక్క చుక్కైనా కనపడలేదే!"

పాపని ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకుంది. కూర్చున్న చోటి నుంచి లేవలేదు.

"ఇన్నాళ్లూ నేను తోడాను" అంది. "బకెట్టు అక్కడే ఉంది."