చెక్కల వెనక గోడ

జనవరిలో ఒక పొద్దున వాన పట్టుకుంది. అరుంధతి కూతురు అమూల్యని బడి బస్సెక్కించి వచ్చేసరికే వీధి చివరి పెద్ద కాలువ అంచుదాకా నిండింది. సింగపూర్ వచ్చాక ఆమె కాలువల్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇక్కడ వాన ఎంత గట్టిగా కురిసినా కాసేపట్లో నీళ్ళన్నీ ఎటో పోతాయి, రోడ్లు కడిగినట్టు మెరుస్తాయి. అదే ధైర్యంతో తలుపేసుకుని కుక్కర్లో పప్పు పెట్టింది.

నీళ్ళు మొదట గుమ్మంలోంచి రాలేదు. బాత్రూం తూములోంచి బుడబుడమంటూ, నల్లగా, కంపు కొడుతూ పైకొచ్చాయి. ఆమె పాత తువ్వాళ్ళు తూములో కుక్కుతుండగానే వీధి నీళ్ళు గుమ్మం దాటాయి. మెయిన్ స్విచ్ ఆపేసింది. బియ్యం డబ్బా వంటగట్టు మీదికి, కంప్యూటర్ మంచం మీదికి ఎత్తింది. పాస్‌పోర్టుల సంచీ మెళ్ళో వేసుకుంది. మంచం కూడా మునిగేలా ఉందని తోచాక కంప్యూటర్ని మళ్ళీ ఎత్తి అల్మరా నెత్తిన పెట్టింది. పట్టుచీరలు ఆ అల్మరా అడుగు అరలో ఉన్నాయని గుర్తొచ్చేసరికి నీటి బరువుకి తలుపు తెరుచుకోలేదు.

చక్రధర్‌కి ఫోన్ చేసింది. అతను వన్-నార్త్‌లోని ఆఫీసులో ఉన్నాడు. ఆ వారమే వాళ్ళ బ్యాంకు ప్రాజెక్టు మొదలవుతోంది.

"మోకాలిదాకా వచ్చాయండీ."

"సింగపూర్లో వరదేంటి అరూ? బాత్రూం పైపు పగిలుంటుంది, చూడు. అంకుల్‌కి ఫోన్ చెయ్యి. నేను మీటింగ్‌లో ఉన్నా."

అంకుల్ అంటే ఇంటి ఓనరు సీతారామారావు. ముప్ఫై ఏళ్ళ కిందట ఓడలు కట్టే యార్డులో ఇంజినీరుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి విమానాల నిండా మనవాళ్ళు దిగుతున్న ఆ రోజుల్లో, కొత్తవాళ్ళకి గది చూడటం, కంపెనీల్లో ఓ మాట చెప్పడం ఆయనకి అలవాటు. చక్రధర్‌కి మొదటి ఉద్యోగం ఆయన మాటతోనే దొరికింది. ఆంగ్ మో కియో అవతల పల్లపు వీధిలో ఉన్న ఈ చిన్న ఇల్లు కూడా ఆయనదే. అద్దె ఇళ్ళు దొరకని ఆ ఏడాది వాళ్ళకి ఇవ్వడం పెద్ద ఉపకారమని అందరూ అన్నారు.

వరద మాట విని ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. "నీళ్ళు తియ్యగానే కడిగెయ్యమ్మా. బురద ఎండనివ్వకు. ఎండితే సిమెంటులా పట్టుకుంటుంది," అన్నాడు.

మధ్యాహ్నానికి నీళ్ళు తీశాయి. ఇల్లంతా జారుడు బురద. ఫ్రిజ్ పక్కకి ఒరిగి తేలి వెళ్ళి వంటింటి గుమ్మానికి అడ్డంగా పడుంది. బడి నుంచి వచ్చిన అమూల్య వాకిట్లోనే ఆగిపోయి ముక్కు మూసుకుంది. "సో స్మెల్లీ లా, అమ్మా!" అంది, బడిలో అబ్బిన సింగపూర్ యాసలో.

ఆ సాయంత్రం నుంచి అరుంధతి ఇంటిని ఒక మనిషిని బతికించుకున్నట్టు బతికించుకుంది. పిల్లని పక్కవీధి చైనీస్ ఆంటీ ఇంట్లో పడుకోబెట్టి, పారతో బురద ఎత్తింది. గొట్టంతో గోడలు కడిగింది. బ్లీచింగ్ నీళ్ళకి చేతులు పొట్టు లేచాయి. పరుపులు, సోఫా, పిల్ల పుస్తకాలు బయట కుప్ప పోసింది. పట్టుచీరల్ని నాలుగైదుసార్లు మంచినీళ్ళలో జాడించినా తల్లి పెట్టిన మామిడిపిందెల అంచు చీర మీద గోధుమరంగు మరక పోలేదు. దాన్ని కూడా ఆ కుప్ప మీదే వేసింది. చక్రధర్ ఎప్పుడో వచ్చేవాడు, ప్యాంటు మడిచి కాసేపు బకెట్లు అందించేవాడు, మళ్ళీ ఫోన్ మోగితే బయటికి వెళ్ళిపోయేవాడు.

హాల్లో గోడలకి నడుము ఎత్తుదాకా తేనెరంగు చెక్క పలకలు కొట్టి ఉండేవి. ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజు అరుంధతికి నచ్చినవి అవే. ఇప్పుడవి తడికి ఉబ్బి, కీళ్ళ దగ్గర విచ్చుకుని, లోపల్నుంచి బూజు వాసన కొడుతున్నాయి. గోడ ఆరాలంటే వాటిని పీకక తప్పదు. స్క్రూడ్రైవర్ పెట్టి మొదటి పలక ఊడదీసింది.

వెనక గోడ మీద కొత్త తడి మరక ఉంది. దానికి జానెడు పైన ఇంకో మరక ఉంది, పాతది, ఎండి పెచ్చులు కట్టినది. దాని కింద లేత గీతలా ఇంకొకటి. పలక వెనక సందులో పాత బురద రాయిలా గట్టిపడి ఉంది. ఆమె గోరుతో గీకి చూసింది. రాలేదు.

మిగతా పలకలన్నీ పీకింది. నాలుగు గోడలదీ అదే కథ.

ఆదివారం సీతారామారావు చూడ్డానికి వచ్చాడు. గోడ వంక ఒక్కసారి చూసి, కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు.

"మాకెందుకు చెప్పలేదు అంకుల్?"

"ఏం చెప్పాలమ్మా? ఎప్పుడో ఒకసారి వస్తుంది, పోతుంది. మీ ఊళ్ళో తుఫాన్లు రావా? వస్తాయని ఇళ్ళు మానుకుంటారా?"

"పిల్ల ఇంట్లో ఉండుంటే?"

"లేదుగా," అన్నాడాయన. తర్వాత చక్రధర్ వైపు తిరిగాడు. "మీరు ఉండలేమంటే నేను పట్టుకోను బాబూ. అగ్రిమెంటు మధ్యలో కాబట్టి మీ బదులు ఎవర్నైనా చూపించి వెళ్ళండి. ఇల్లు మాత్రం ముందున్నట్టు చేసి ఇవ్వండి."

చక్రధర్ తల ఊపాడు. ఆయన వెళ్ళాక అరుంధతి అడిగింది, "ఒక్క మాటైనా అనలేకపోయారా?"

"ఏమనమంటావ్? ఆయన లేకపోతే మనం ఈ దేశంలో ఉండేవాళ్ళమా?"

గోడలకి రంగు వేయించారు. నేల మీద కొత్త వినైల్ షీటు పరిపించారు. తర్వాతి ఆదివారం చక్రధర్ కొత్త చెక్క పలకలు తెచ్చి తనే బిగించడం మొదలుపెట్టాడు. "అటు చివర పట్టుకో," అన్నాడు. ఆమె పట్టుకుంది. అతను మేకు కొట్టాడు. గోడ పొడుగునా వాళ్ళిద్దరూ అలా జరుగుతూ వెళ్ళారు. పని పూర్తయ్యేసరికి ఇల్లు మునుపటి కంటే బాగుంది.

ఇల్లు చూడ్డానికి చక్రధర్ ఆఫీసులో కొత్తగా చేరిన రాహుల్, అతని భార్య కీర్తిక వచ్చారు. కాకినాడ పిల్ల. అయిదో నెల. హోటల్ గదిలో వండుకోలేక చిక్కిపోయి ఉంది. హాల్లోకి రాగానే చెక్క మీద అరచెయ్యి ఆనించి, "ఎంత బాగుందో అక్కా, అచ్చం మా తాతగారి మేడలా ఉంది," అంది.

మగవాళ్ళు వాకిట్లో మాట్లాడుకుంటుంటే అరుంధతి ఆ పిల్లని వంటింట్లోకి తీసుకెళ్ళి చెప్పేసింది. తూములోంచి నీళ్ళు ఎలా వచ్చాయో, ఎంత ఎత్తు వచ్చాయో, చెక్కల వెనక ఏముందో అన్నీ. కీర్తిక కళ్ళు పెద్దవి చేసుకుని విన్నది. తర్వాత భర్త దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి చక్రధర్ గొంతు పెంచలేదు. "నా తల తీసేశావు," అన్నాడంతే. తర్వాత చాలా రోజులు అతను ఏం కావాలన్నా అమూల్యతో చెప్పించేవాడు.

కానీ రాహుల్ వాళ్ళు ఆ ఇల్లే ఖాయం చేసుకున్నారు. సంగతేమిటని అరుంధతి ఫోన్ చేస్తే కీర్తిక తడబడుతూ చెప్పింది. "ఏమనుకోకండక్కా. మీరు ఆ ఇల్లు వదల్లేక అలా చెప్తున్నారని అంకుల్ అన్నారు. వాన చూసినప్పటి నుంచి మీ మనసు బాగోలేదని కూడా... మా వారికీ అదే నిజమనిపించింది. ఇంకెక్కడా ఇల్లు దొరకట్లేదు కదక్కా."

"నీకేమనిపించింది?"

"మా వారు వచ్చేశారక్కా, ఉంటాను," అని కీర్తిక ఫోన్ పెట్టేసింది.

అరుంధతి వాళ్ళు పుంగ్గోల్‌లో ఒక ఫ్లాట్ పట్టుకుని మారారు. చాలా పైఅంతస్తు. కిటికీలోంచి చూస్తే వాన కూడా కిందే పడుతున్నట్టుంటుంది. తెలుగువాళ్ళ పూజలకి వాళ్ళని పిలవడం తగ్గింది. పిలిచినచోట కూడా ఆడవాళ్ళు ఆమెతో వానల గురించి మాట్లాడేవారు కాదు. సీతారామారావు ఎదురుపడితే ఎప్పటిలానే నవ్వి, "ఆరోగ్యం ఎలా ఉందమ్మా ఇప్పుడు?" అని అందరి ముందూ అడిగేవాడు. చక్రధర్ పక్కనే నిలబడి ఫోన్ చూసుకునేవాడు.

మరుసటి ఏడు వానల్లో ఆ వీధి మళ్ళీ మునిగింది. టీవీలో చూపించారు. అరుంధతి కీర్తికకి ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదు. రబ్బరు బూట్లు వేసుకుని, గ్లవ్స్, బ్లీచింగ్ డబ్బా సంచీలో పెట్టుకుని రైలెక్కింది.

తలుపు తీసే ఉంది. కీర్తిక చంటిదాన్ని నడుముకి గుడ్డతో కట్టుకుని, ఒక చేత్తో చీపురు పట్టుకుని బురద నెడుతోంది. అరుంధతిని చూసి చీపురు ఆపింది.

"చూడ్డానికి వచ్చారా?"

"కాదమ్మా. పిల్లని ఇటివ్వు. నువ్వు కాసేపు కూర్చో."

కీర్తిక పిల్లని ఇవ్వలేదు. కానీ వద్దనీ అనలేదు. అరుంధతి గ్లవ్స్ తొడుక్కుని బురద ఎత్తడం మొదలుపెట్టింది. ఎక్కడ ముందు కడగాలో, తూము ఎలా మూయాలో ఆమెకి తెలుసు. సాయంత్రందాకా ఇద్దరూ పనిచేశారు. రాహుల్ ఆఫీసు నుంచి ఇంకా రాలేదు. వంటింటి నేల కొంచెం తెల్లబడ్డాక కీర్తిక మొదటిసారి ఆమె మొహంలోకి సూటిగా చూసింది.

"అక్కా, ఒక్కటి అడగనా?"

"అడుగు."

"మేము కూడా ఖాళీ చెయ్యాలి. అంకుల్ ఎవర్నైనా చూపించమన్నారు. శనివారం హైదరాబాద్ వాళ్ళెవరో చూడ్డానికి వస్తున్నారు." ఆమె గొంతు తగ్గించింది. "ఈసారి వాళ్ళకి మీరేమీ చెప్పకండక్కా. ప్లీజ్."

అరుంధతి గ్లవ్స్ విప్పి కుళాయి కింద చేతులు కడుక్కుంది. చంటిది గుడ్డలోనే నిద్రపోయింది. దాని పాదాలకి అంటిన బురదని తడిచేత్తో తుడిచి బయటికి వచ్చింది. శనివారం ఆమె అటు వెళ్ళలేదు. ఎవరికీ ఫోన్ చెయ్యలేదు కూడా.