పద్నాలుగు కార్లు ఆగిన ఇల్లు

అన్సెల్మ్ దుకెన్వా ముప్పయ్యారేళ్లు పాల ట్యాంకరు నడిపాడు. అన్నేళ్లలో ఒక్క చుక్క కూడా ఒలకబోయలేదంటాడు. అది అబద్ధం. ఫ్రాన్సులో తాను నిద్రపోని ఊరే లేదంటాడు. అది ఇంకా పెద్ద అబద్ధం. బస ఎక్కడ దిగాలో కనిపెట్టడంలో తనంతటివాడు లేడని మాత్రం అతను మనస్ఫూర్తిగా నమ్మాడు, కాబట్టి దాన్ని అబద్ధాల్లో కలపకూడదు.

ఆ విద్య చాలా చిన్నది. మధ్యాహ్నం పూట ఊళ్లోకి వెళ్లాలి. ఏ గుమ్మం ముందు ఆ జిల్లా నంబరు కార్లు ఎక్కువగా ఆగి ఉన్నాయో చూడాలి. మూడుంటే భోజనం చెయ్యొచ్చు. పది దాటితే పెట్టె దించి గది అడగొచ్చు. ఊరివాళ్లు ఎగబడి తినేచోట వంట బాగుంటుంది, వంట బాగున్నచోట పరుపూ బాగుంటుంది.

ఈ విద్యను అతని భార్య జోసెట్ మూడు రాత్రులుగా అనుభవిస్తోంది. మొదటి రాత్రి గది కింద బాతుల దొడ్డి. నలభై బాతులు తెల్లవార్లూ పంచాయతీ పెట్టాయి. రెండో రాత్రి పాత పిండిమర; నీటిచక్రం గదిలోనే తిరుగుతున్నట్టు చప్పుడు. మూడో రాత్రి ఒక కోట బురుజు. దానికి తొంభై నాలుగు మెట్లు. అన్సెల్మ్ ఈ కథ చెప్పేటప్పుడు అవి మూడొందలవుతాయి గానీ, జోసెట్ మోకాలికి తొంభై నాలుగే చాలినన్ని.

నాలుగో రోజు ఉదయం కారెక్కుతూ ఆమె తేల్చి చెప్పేసింది.

"ఇవాళే ఆఖరు. ఇవాళ కూడా ఇలాంటి కొంపే వెతికావంటే రేపు పొద్దున బండి ఉత్తరానికి తిప్పు, ఇంటికి పోదాం."

"పది రోజులన్నావు కదా."

"మోకాలు నాలుగన్నది. లేదా మనబ్బాయి ఫోన్లో పంపిన హోటల్‌కి పోదాం. హైవే పక్కనే, లిఫ్టు ఉందిట."

"ఆ హోటల్ గదిలో పడుకుంటే ఆస్పత్రిలో పడుకున్నట్టే ఉంటుంది జోసెట్."

జనవరిలో అతని గుండె కోసి కుట్టారు. కళ్లు తెరిచినప్పటి నుంచీ చేసిన పని ఒక్కటే: ట్యాంకరు అద్దంలోంచి మాత్రమే చూసి, దిగకుండా దాటిపోయిన ఊళ్ల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం. ఈ ప్రయాణం ఇక్కడ ఆగిపోతే మళ్లీ స్టీరింగు తన చేతికి ఇవ్వరని అతనికి తెలుసు. కొడుకు అప్పుడే కారు అమ్మేసే సంగతి ఎత్తుతున్నాడు.

అందుకే ఆ మధ్యాహ్నం మొంబ్రూ అనే ఊళ్లోకి మలుపు తిరిగి, ఒక రాతింటి గోడ పక్కన వరసగా ఆగిన కార్లు చూడగానే అతని ప్రాణం లేచొచ్చింది. పద్నాలుగు. ప్రతి నంబరు పలక చివరా ఆ జిల్లా అంకె నలభై ఆరు, ఒక్కటి తప్పకుండా. ఇంటి గోడమీద వెలిసిపోయిన నీలం అక్షరాలు: భోజనం, గదులు.

"పద్నాలుగు," అన్నాడు. "నా జన్మలో పన్నెండు దాటి చూడలేదు."

తలుపు బార్లా తీసి ఉంది. లోపల పొడవాటి బల్లకు రెండు పక్కలా జనం. వెల్లుల్లి, బాతు కొవ్వు కలిసిన వాసన వీధి దాకా వచ్చింది. జోసెట్ గుమ్మంలో ఆగింది.

"అందరూ నల్లబట్టలు వేసుకున్నారేంటి?"

"పెద్ద హోటల్ అన్నమాట. పెద్ద హోటళ్లలో వడ్డించేవాళ్లు నల్లబట్టలే వేసుకుంటారు."

"తినేవాళ్లు కూడానా?"

అతను జవాబు వెతుక్కునే లోపే, యాభయ్యేళ్ల ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇద్దరి బుగ్గలూ ముద్దాడింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఉల్లిపాయలు," అనుకున్నాడు అన్సెల్మ్.

"వచ్చారా, దారి తప్పారేమో అనుకున్నాం. అక్కడికి రాలేకపోయినా ఫర్వాలేదు, భోజనానికైనా అందుకున్నారు. నా పేరు మయితే. కూర్చోండి, కూర్చోండి. పైన గది కూడా సర్దేశాను."

అన్సెల్మ్ భార్య చెవిలో, "చూశావా, ముద్దు పెట్టి లోపలికి పిలిచే హోటల్. అడక్కుండానే గది," అన్నాడు. జోసెట్‌కి ఏదో తేడాగానే ఉంది. కానీ ఎదురుగా కుర్చీ కనబడింది, మోకాలు ఆమె మాట వినకుండా కూర్చుంది.

సూపు వచ్చింది. అన్సెల్మ్ పక్కన ఫిర్మాన్ అనే ఎనభయ్యేళ్ల ముసలాయన. కంచంలో సూపు అడుగంటుతుండగా ఆయన సీసా ఎత్తి, ఆ మిగిలిన సూపులోకే ఎర్ర వైన్ ఒంపుకున్నాడు. ఆనక అదే చేత్తో అన్సెల్మ్ కంచంలోకి ఒంపబోయాడు. అన్సెల్మ్ గబుక్కున కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"అయ్యయ్యో పెద్దాయనా, గ్లాసు ఇటుంది."

బల్ల చుట్టూ చెంచాలు ఆగాయి. ఫిర్మాన్ అతన్ని ఒకసారి ఎగాదిగా చూసి, "ఓహో," అన్నాడు. కంచం రెండు చేతులా ఎత్తి వైన్ కలిసిన సూపును గటగటా తాగి, మీసం తుడుచుకున్నాడు. ఆ వైపు పుట్టిన ఏ మగాడూ షాబ్రోకు, అంటే సూపు అడుగున వైన్ ఒంపుకుని తాగే ఆ ఆచారానికి, చెయ్యి అడ్డం పెట్టడు. ముసలాయనకు అప్పుడే సంగతి తెలిసిపోయిందిట. బయటపెడితే సరదా పోతుందని ఊరుకున్నానని తర్వాత ఆయనే చెప్పాడు.

తర్వాత బాతు మాంసం వచ్చింది. ముక్క నోట్లో పెట్టగానే అన్సెల్మ్ మాట మానేశాడు. అతను మాట మానెయ్యడం నలభై రెండేళ్ల కాపురంలో ఇది రెండోసారి. మొదటిది మత్తుమందు ఇచ్చినప్పుడు. చుట్టూ చూస్తే మిగతావాళ్లు ముక్కల్ని అటూ ఇటూ కదుపుతున్నారే గానీ, ఎవరికీ దిగడం లేదు.

"ఏమయ్యా," అన్నాడు ఫిర్మాన్, గొంతు పెంచి. "నువ్వూ ఒక మాట చెప్పు. మా అగస్టా గురించి అందరూ చెప్పారు, నువ్వే మిగిలావు."

అగస్టా అంటే వంటావిడ అనుకున్నాడు అన్సెల్మ్. కుర్చీ వెనక్కి నెట్టి, గ్లాసు పట్టుకుని లేచాడు. జోసెట్ బల్ల కింద తన్నింది. తన్ను తగిలింది ఫిర్మాన్ కాలికి.

"నేను ముప్పయ్యారేళ్లు రోడ్ల మీద తిన్నాను. రాజులు తినే చోటా తిన్నాను," అన్నాడు, ఇది అబద్ధం. "కానీ ఇలాంటి బాతు తినలేదు," అన్నాడు; ఇది నిజం. "ఈ ముక్క నోట్లో పెడితే మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మకు వంట రాదు, అయినా గుర్తొచ్చింది. మీరెవరూ సరిగ్గా తినడం లేదు, అది తప్పు. అగస్టా గారిని ఒక్కసారి ఇటు పిలవండి. ఆవిడ చేతికి దణ్ణం పెట్టి గానీ కూర్చోను."

బల్ల చుట్టూ తలలన్నీ మయితే వైపు తిరిగాయి.

"ఇక రాదు," అన్నాడు ఫిర్మాన్ నెమ్మదిగా. "పొద్దున పదకొండింటికి పూడ్చి వచ్చాం."

అన్సెల్మ్ గ్లాసు కింద పెట్టాడు. నల్లబట్టలు, ఎర్ర కళ్లు, పద్నాలుగు కార్లు, అన్నీ ఒక్కసారి వరసలో నిలబడ్డాయి. టోపీ కోసం తల తడుముకున్నాడు. అది కారులో ఉండిపోయింది.

"అమ్మా," అన్నాడు మయితేతో. "నేను మీ చుట్టాన్ని కాను. కార్లు చూసి హోటల్ అనుకున్నాను. నా భార్య అనుమానపడింది, నేనే వినలేదు. తిన్నది కక్కలేను, క్షమించమని మాత్రం అడగగలను. ఇప్పుడే వెళ్లిపోతాం."

జోసెట్ అప్పటికే సంచీ అందుకుంది. ఆ మొహంలో అన్సెల్మ్‌కు ఉత్తరం దారి, హైవే, లిఫ్టు అన్నీ కనిపించాయి.

మయితే లేవలేదు. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాడు. ఏడుస్తూనే నవ్వుతోంది.

"కూర్చోండి. ఆ బాతు నిజంగా మా అమ్మ చేతిదే. నవంబరులో తనే సీసాల్లో పెట్టింది, మూతల మీద తన రాతే ఉంది. ఇవే ఆఖరి తొమ్మిది సీసాలు. ఇందాకటి నుంచీ ఒక్కరూ రుచి గురించి ఎత్తలేదు. అమ్మకు అదొక్కటే కోపం, తిని మెచ్చుకోకపోతే."

"మరి గది ఎవరికో సర్దారు కదా," అంది జోసెట్.

"తూలూజ్‌లో ఉండే రోజేకి. మయితే నాన్న వైపు చుట్టం," అన్నాడు ఫిర్మాన్. "వాడు పెళ్లికీ వస్తానంటాడు, చావుకీ వస్తానంటాడు, రాడు. ముప్పయ్యేళ్లయింది వాడి మొహం చూసి. ముందు మీరే వాడనుకున్నాం. కానీ వాడికి నీ అంత నోరు లేదు."

"అమ్మ గదులివ్వడం మానేసి పదకొండేళ్లయింది," అంది మయితే. "గోడమీద అక్షరాలు చెరిపేద్దామంటే ఒప్పుకోలేదు. ఎవరైనా నమ్ముకుని వస్తే ఏం చేస్తావే, అనేది. ఇవాళ వచ్చారు. పైన కాదులెండి, మోకాలు చూశాను. కింద తోటవైపు అమ్మ అతిథుల గది ఉంది, అక్కడికి దుప్పట్లు దించుతాను. ఒక్క మెట్టు కూడా లేదు."

"షరతు," అన్నాడు ఫిర్మాన్, సీసా ఎత్తి. "ముందు సూపు తాగడం నేర్చుకోవాలి."

అన్సెల్మ్ నేర్చుకున్నాడు. మొదటిసారి చొక్కా తాగింది, రెండోసారి అతను తాగాడు. ఆ తర్వాత బల్ల దగ్గర మాటలు పెరిగాయి, కంచాలు ఖాళీ అయ్యాయి. సాయంత్రం దాకా అతను వంటింట్లో నిలబడి గిన్నెలు తుడిచాడు. జోసెట్ తోటలో కుర్చీ వేసుకుని, అగస్టా గురించి మయితే చెప్పేవన్నీ వింటూ చిక్కుళ్లు వలిచింది.

మర్నాడు పొద్దు పొడిచాక ఇద్దరూ ఊరి చివర శ్మశానం దగ్గర కారు ఆపారు. కొత్త మట్టి మీద పూలు ఇంకా వాడలేదు. ఈసారి టోపీ చేతిలోనే ఉంది.

"అగస్టా గారూ," అన్నాడు. "పిలవని భోజనానికి వచ్చినవాణ్ణి. నిన్న దణ్ణం బాకీ పడిపోయింది. పరుపు కూడా బాగుంది." టోపీ ఛాతీకి ఆనించి తల వంచాడు. జోసెట్ అతని మోచెయ్యి పట్టుకుంది.

కారెక్కాక అతను తాళం తిప్పి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఎటు అని అడగడానికి ధైర్యం చాల్లేదు. జోసెట్ పటం విప్పి, కళ్లజోడు సవరించుకుని, వేలితో నదిని పట్టుకుని కిందికి వెళ్లింది.

"దక్షిణానికి పోనీ," అంది. "ఇంకా ఆరు రోజులున్నాయి. కార్లు నువ్వు లెక్కపెట్టు, బట్టల రంగు నేను చూస్తాను."