పదిహేడో నంబరు సీసా

నేను ఒక తెల్లని ప్లాస్టిక్ సీసాని. ఒంటిమీద పేరు లేదు, పదిహేడు అన్న అంకె మాత్రం ఉంది. మూత బిగించిన రోజే నాకు అనుమానం మొదలైంది. మా సీసాల్లో కొన్నింటిలో యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు పోశారట, మిగతావాటిలో అదే రంగు ఉత్త మాత్రలు. నా కడుపులో ఏముందో నాకు చెప్పినవాడు లేడు.

విశాఖలో ఒక పెద్దాసుపత్రిలో నన్ను తవిటయ్య చేతిలో పెట్టారు. ఆయన సన్నాయి వాయిస్తాడు. గొంతులో క్యాన్సర్, ముప్పై అయిదు సార్లు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలి. ఆ కిరణాలకు లాలాజల గ్రంథులు దెబ్బతిని నోరు ఎండిపోతుందనీ, వాటిని ఈ మాత్రలు కాపాడతాయేమో పరీక్షిస్తున్నామనీ డాక్టర్ వసుంధర చెప్పింది.

"మీ సీసాలో ఉన్నది మందో కాదో నాకూ తెలీదండీ. ఇష్టమైతేనే సంతకం పెట్టండి" అంది నవ్వుతూ. తెలియదని నవ్వుతూ చెప్పే మనిషిని ఎలా నమ్మడం?

తవిటయ్య నమ్మాడు. సన్నాయి కొసన ఊదే రెల్లు పీకను నోట్లో నానబెట్టనిదే అది పలకదు. ఉమ్మి ఎండిపోతే ఇక సన్నాయి లేదు. ఆయన భయమంతా అదే.

భార్య పైడమ్మకు మాత్రం నేను మొదటి రోజే గిట్టలేదు. ఒక మాత్ర కొరికి చూసింది. ఇంకోటి నీళ్లలో వేసి చూసింది.

"డాక్టరమ్మకే తెల్దంట. ఇదేటి మందు?" అంది.

కరెంటు గది బయట బల్ల మీద ఆమెకు సింహాలమ్మ తోడైంది. వాళ్లాయనది పద్దెనిమిదో సీసా. ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. "ఒకటి ఉత్తదైనా ఇద్దరికీ సగం మందు దక్కుద్ది" అని పైడమ్మ తేల్చింది. రెండు సీసాలూ కొంగులో వంపి, చింతగింజల్లా కలిపి, సగం సగం పోసేశారు. మొగుళ్లకు చెప్పలేదు. నా కడుపులో సగం పరాయి సరుకు చేరింది. నాకు ఒళ్లు మండిపోయింది.

మూడు నెలల తరువాత డాక్టరు తవిటయ్య చేత చిన్న గిన్నెలో ఉమ్మి వేయించి కొలిచింది. "మాత్రలన్నీ సరిగ్గా వేశారు, మంచిదమ్మా" అని పైడమ్మను మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు ఆమె భరించలేకపోయింది. ఉన్నదంతా కక్కేసింది.

వసుంధర తలపట్టుకుంది. ఆ రెండు నంబర్లూ లెక్కలోంచి కొట్టేయించి, పెద్దవాళ్ల అనుమతితో ఏ సీసాలో ఏముందో రాసిన అసలు కాగితం తెప్పించింది. నాలో పోసిందే అసలు మందు. పద్దెనిమిదిలో ఉన్నవి ఉత్తవి.

"నా సేత్తో నానే సగం పారబోసేసినాను!" పైడమ్మ నేలమీద కూలబడింది.

తవిటయ్య డాక్టరు వైపు తిరిగి, "పద్దెనిమిదాయన అన్నం మింగుతన్నాడా?" అని అడిగాడు.

"మింగుతున్నాడు."

"అయితే పరవానేదు."

జేబులోంచి పీక తీసి నోట్లో పెట్టుకున్నాడు. నానబెట్టాడు, నానబెట్టాడు. చివరికి సన్నగా ఒక కూత వచ్చింది. అది మందు పుణ్యమా అని పైడమ్మ అడిగితే, "మీరు కలిపేశాక ఎలా చెప్పనమ్మా?" అంది డాక్టరు.

ఇప్పుడు మాత్రలు అయిపోయిన నా కడుపులో సన్నాయి పీకలున్నాయి. మేళానికి ముందు ఆయన మూత తీసి ఒకటి నోట్లో పెట్టుకుంటాడు. ఇవాళ తడుస్తుందా అని పైడమ్మా నేనూ అనుమానంగా ఆయన నోటివంకే చూస్తుంటాం.